తమార్ కాలిమిషన్

ఏప్రిల్ 28, సోమవారం

సెలవులయ్యాక మొదటి రోజు. స్కూల్లో మే నెల సగందాకా సంగీతం లేదు. పస్కా పండగ తర్వాత కొన్ని వారాలు ఈ యూదులు వాయిద్యాలు ముట్టరు, స్పీకర్లో పాట కూడా పెట్టరు. మా ఆఖరి తరగతి, ఇయర్ సిక్స్ పిల్లల వీడ్కోలు షో జూలై పదికి. ఆ తర్వాతకి జరపడానికీ లేదు, అప్పుడు మళ్లీ మూడు వారాలు సంగీతం లేని రోజులట. ఇలాంటి క్యాలెండరున్న చోట నన్ను డాన్స్ టీచరుగా పెట్టుకున్నారంటే వీళ్ల ధైర్యం మెచ్చుకోవాలి.

బ్యాగు అడుగున నా కూచిపూడి కర్రా, చెక్కా ఉన్నాయి. తీసి తాళం కొడుతూ జతులు చెప్పాను. పిల్లలు గంతులేశారు. "తకిట తధిమి" అని ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటుంటే మిస్టర్ సాల్జ్‌మన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. హీబ్రూ, ప్రార్థనలు నేర్పే ముసలాయన. ఈ స్కూల్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆయన్నే అడుగుతారు.

"అది వాయిద్యమా?"

"కర్రండీ. కింద చెక్క."

చాలాసేపు ఆలోచించాడు. "కర్రయితే సరే," అని వెళ్లిపోయాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

మే 1, గురువారం

షోకి కథ దొరికింది. ఇచ్చింది తమార్. పదకొండేళ్ల పిల్ల, జనవరిలో తండ్రి పోయాడు. అప్పటినుంచి క్లాసులో నోరు విప్పడం తగ్గించింది. ఈరోజు చెయ్యెత్తి, మా ముత్తవ్వ తూర్పు లండన్లో కోట్లు కుట్టేది మిస్, అంది. మిగతా పిల్లలూ అందుకున్నారు, మా తాతమ్మ బొత్తాలు కుట్టేది, మా ముత్తాత ఇస్త్రీ చేసేవాడు అని. సగం క్లాసు దర్జీల సంతానమే.

"మిషన్ ఇలా చప్పుడు చేసేదట. నాన్న చేసి చూపించేవాడు," అని తమార్ లేచి నిలబడి కాలితో తొక్కి చూపించింది. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు, మధ్యలో దారం తెగినట్టు చిన్న ఆపు. దాని మీద నేను జతి చెప్పాను. అతికినట్టు సరిపోయింది. ఒళ్లు జలదరించింది నాకు.

షో పేరు దర్జీల వీధి. నడిమధ్యలో కాలిమిషన్ తొక్కే పిల్ల ఒక్కతే మూడు నిమిషాలు ఆడుతుంది. అది తమార్. వేరే ఆలోచనే లేదు.

మే 8, గురువారం

హెడ్ మిసెస్ బ్లూమ్ పిలిచింది. నేను ఎవరి ప్రసూతి సెలవులో పనిచేస్తున్నానో ఆవిడ ఇక రావట్లేదట. ఉద్యోగం పర్మనెంట్‌గా ఎవరికివ్వాలో స్కూలు కమిటీ నిర్ణయిస్తుంది. "కమిటీ అంతా షోకి వస్తున్నారు మధులికా. వాళ్లు చూస్తే చాలు," అంది. ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్తారు!

మా ఆయన వినీత్ రీడింగ్ ఊళ్లో ఆఫీసు నుంచి రావడమే ఆలస్యం, వెంబ్లీ వెళ్లి దోసెలు తిన్నాం. హారోలో ఈ చిన్న ఫ్లాట్లో మూడేళ్లుగా సెలవు పెట్టిన టీచర్ల బదులు ఇవాళ ఒక స్కూలు, రేపు ఇంకో స్కూలు అని బతుకుతున్నాను. సొంత క్లాసు, సొంత పిల్లలు, ఏటేటా నా షో. ఎంత కావాలనిపిస్తోందో ఇక్కడ తప్ప ఎవరితోనూ చెప్పలేను.

మే 16, శుక్రవారం

సంగీతం తిరిగొచ్చింది. పిల్లలు బయట ఆటస్థలంలో ఒకటే గోల. నాకు మాత్రం మనసు బాగా లేదు.

పాట పెట్టగానే తమార్ తేలిపోయింది. రెండో వరుస జతికే వెనకబడింది. ఇన్నాళ్లూ బాగానే చేసిందే అనుకున్నాను. బస్సులో అర్థమైంది. ఇన్నాళ్లూ కర్ర నా చేతిలో ఉంది. ఆ పిల్ల ఆలస్యమైతే నా చెయ్యీ ఆలస్యమైంది, నాకే తెలియకుండా. రికార్డు ఎవరికోసమూ ఆగదు.

మే 22, గురువారం

మళ్లీ అదే. మధ్యలో ఆగిపోయి తలుపువైపు చూస్తుంది. పక్కన జోయీ అనే పిల్ల కూర్చుని కూర్చునే కాళ్లతో మొత్తం చేసేస్తోంది. ఎవరూ నేర్పకుండానే పట్టేసింది.

జూన్ 4, బుధవారం

హాఫ్ టర్మ్ సెలవుల తర్వాత బాగుపడుతుందనుకున్నాను. లేదు. ఇవాళ నా గొంతు కొంచెం లేచింది. తమార్ "సారీ మిస్" అంది. అలా "సారీ" అంటే నాకు ఇంకా చిరాకు.

జూన్ 5, గురువారం

స్టాఫ్‌రూంలో మాటల్లో తెలిసింది. అమ్మో నాన్నో పోతే వీళ్లు ఏడాదిపాటు పాటలు వినరట, ఆటపాటల జోలికి వెళ్లరట.

టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మనకీ అంతే కదా! మామగారు పోయినప్పుడు సంవత్సరీకాలు అయ్యేదాకా మా ఇంట్లో పండగ లేదు, పబ్బం లేదు. లెస్టర్‌లో ఒప్పుకున్న ప్రోగ్రాం కూడా పెద్దవాళ్ల మాట మీద మానుకున్నాను. అలాంటిది తండ్రి పోయి ఆరు నెలలు కాని పిల్లచేత నేను గంతులేయిస్తున్నానా! ఎవరూ ఒక్క మాట చెప్పలేదేం? పాపం, అందుకే కాళ్లు కదలట్లేదేమో. వాళ్ల ఆచారాన్ని మనం గౌరవించకపోతే ఇంకెవరు గౌరవిస్తారు.

జూన్ 6, శుక్రవారం

సాల్జ్‌మన్‌ని అడుగుదామని వెళ్లాను. పిల్లలతో బిజీగా ఉన్నాడు. వచ్చేశాను.

జూన్ 10, మంగళవారం

తమార్‌తో మాట్లాడాను. చాలా నెమ్మదిగా, పక్కన కూర్చోబెట్టుకుని.

"మీ నాన్న పోయారు కదమ్మా. ఈ ఏడాదంతా నువ్వు ఆడకూడదు కదా. మీ సంప్రదాయం నాకు ముందు తెలియలేదు. ఈ పార్ట్ జోయీకిద్దాం. నువ్వు నాకు తెర వెనక సాయం చెయ్యి."

తల వంచుకుని విన్నది. "కానీ ఇన్నాళ్లూ ఆడాను కదా మిస్?"

"తెలియక ఆడావు. ఫర్వాలేదులే."

బుద్ధిగా తలూపింది. ఎంత మంచి పిల్లో. గండం గడిచింది. ఇంత సులువుగా అయిపోతుందనుకోలేదు.

జూన్ 12, గురువారం

జోయీ అదరగొట్టింది. మిసెస్ బ్లూమ్ తలుపులోంచి చూసి చప్పట్లు కొట్టింది.

జూన్ 18, బుధవారం

రిహార్సల్ జరుగుతుంటే తమార్ రెండు చెవులూ చేతుల్తో మూసుకుని కారిడార్లో పరుగెత్తింది. ఎవరితోనో ఆడుకుంటోందేమో.

జూన్ 19, గురువారం

ఆడుకోవట్లేదు. వెనక ఎవరూ లేరు.

జూన్ 24, మంగళవారం

వరసగా రాస్తాను.

పొద్దున తమార్ తల్లి నవోమి వచ్చింది. సన్నగా ఉంటుంది, ఎప్పుడూ మెల్లగా మాట్లాడుతుంది. ఇవాళ మిసెస్ బ్లూమ్ గదిలోంచి ఆవిడ గొంతు హాలుదాకా వినిపించింది. తర్వాత స్టాఫందరినీ కూర్చోబెట్టి మిసెస్ బ్లూమ్ చెప్పింది.

రెండు వారాలుగా తమార్ ఇంట్లో పాట పెట్టనివ్వట్లేదట. పియానో క్లాసు మానేసిందట. నాలుగేళ్ల తమ్ముడు స్నానం చేస్తూ పాడితే వాడి నోరు నొక్కి, తర్వాత తనే ఏడ్చిందట. అడిగితే, "నాన్న పోయాక కూడా నేను ఆడుతూనే ఉన్నాను. అది తప్పని మీరెవరూ చెప్పలేదు. స్కూల్లో చెప్పారు," అందట. ఎవరు చెప్పారో మాత్రం చెప్పట్లేదు.

అసలు నియమం ఏమిటంటే, చిన్నపిల్లలకి ఆ నియమమే లేదు. తండ్రి పోయిన వారంలోనే వాళ్ల మతగురువు రబ్బీ ఇంటికొచ్చి, పిల్లని ఆడనివ్వండి, పాడనివ్వండి అని తల్లికి చెప్పి వెళ్లాడట.

"తెలిసీ తెలియక పిల్లకి ఈ మాట ఎవరన్నారు?" అని మిసెస్ బ్లూమ్ అడిగింది.

అందరూ సాల్జ్‌మన్ వైపు చూశారు. పాట విషయంలో పట్టింపు ఆయనదే కదా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను అనలేదు," అన్నాడు. ఎవరూ నమ్మలేదని మొహాలే చెబుతున్నాయి. మిసెస్ బ్లూమ్, "మనం తర్వాత విడిగా మాట్లాడదాం," అంది ఆయనతో.

నేను ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. నోరు తెరవలేదు.

జూన్ 25, బుధవారం

వినీత్‌కి చెప్పాను. సగమే చెప్పాను. వాళ్ల పద్ధతిని గౌరవిద్దామనుకుంటే ఇలా అయిందని.

గిన్నెలు కడుగుతున్నవాడు కుళాయి కట్టేశాడు. "పద్ధతా? మా నాన్న పోయిన ఏడాది లెస్టర్ ప్రోగ్రాం మానెయ్యమని అమ్మ అంటే నువ్వేం చేశావే? వారం రోజులు నాతో మాట్లాడలా. పోయింది మీ నాన్నయితే నా కాళ్లు కట్టేస్తారేంటని అరిచావ్. పక్క ఫ్లాటోళ్లకి కూడా వినపడింది."

"అది వేరు."

"ఏం వేరు? నీకు బాగా ఆడే పిల్ల దొరికింది, అంతేగా? అది చెప్పు, వింటాను. పద్ధతి గిద్దతి అని నాకు చెప్పకు."

కోపంతో గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. ఈ డైరీ తిరగేశాను. జూన్ 6న రాసింది చదివాను. పిల్లలతో బిజీగా ఉన్నాడు అని. లేడు. సాల్జ్‌మన్ దగ్గర ఒక్క పిల్ల కూడా లేదు. ఒంటరిగా కూర్చుని ఆపిల్ కోసుకుంటున్నాడు. నన్ను చూసి ఒక ముక్క ఇవ్వబోయాడు కూడా. ఏదో పనుందని వచ్చేశాను. ఎవరూ చదవని డైరీలో, నాకు నేనే అబద్ధం రాసుకున్నాను.

అడిగితే ఆడొచ్చు అంటాడేమోనని భయపడ్డాను. అంటే మళ్లీ తమార్‌తోనే చేయించాలి. కమిటీ ముందు ఆ పిల్ల మధ్యలో ఆగిపోయి తలుపువైపు చూస్తుంది. అంతే. ఇందులో గౌరవమూ లేదు, ఆచారమూ లేదు.

జూన్ 26, గురువారం

చెప్పలేదు.

జూన్ 27, శుక్రవారం

చెప్పలేదు. షో అయ్యాక చెప్తాను. ఈలోగా చెప్తే పిల్లలందరి కష్టం పాడవుతుంది.

పిల్లలందరి కష్టమట.

జూన్ 30, సోమవారం

సాల్జ్‌మన్‌ని ఇక పిల్లల ప్రార్థన దగ్గర ఒంటరిగా ఉంచట్లేదు. ఇంకో టీచరు వెనక కూర్చుంటోంది. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి కాపలా! పైగా ఆయన ఆ టీచరుకి కుర్చీ తనే తెచ్చి వేస్తున్నాడు.

మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లాను. నిలబడే చెప్పేశాను. "తమార్‌కి ఆ మాట చెప్పింది నేనండీ."

"కూర్చో," అన్నాడు. కూర్చున్నాను. తర్వాత కోపంగానే అన్నాడు. మెత్తగా క్షమించేస్తాడని నేనెందుకు అనుకున్నానో తెలియదు.

"వారానికి ఇరవై ప్రశ్నలు వస్తాయి నా దగ్గరికి. గుడ్డు పగలగొడితే రక్తపు చుక్క కనిపించింది, తినొచ్చా అని అడుగుతారు. షూ లేసు ముడి గురించి అడుగుతారు. నీ కర్ర సంగతి కూడా ఆలోచించి చెప్పాను. ఈ ఒక్కటి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఆడొచ్చంటారని."

కళ్లజోడు మీదుగా నన్ను చూశాడు. మొహం దాచుకోవాలనిపించింది.

"నాకు చెప్తే లాభం లేదు. నాకు జరిగినదానికి మిసెస్ బ్లూమ్ దగ్గర చెప్పు, అది చిన్నది. ఆ పిల్లకి జరిగినదానికి ఆ పిల్లకే చెప్పాలి. నియమం లేదని వాళ్ల అమ్మ చెప్పింది, రబ్బీ చెప్పాడు, నేనూ చెప్పాను. నమ్మట్లేదు. 'మీరు నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నారు. మన మతం కానావిడే ఇంత తెలుసుకుని చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది' అంటోంది."

అంటే ఆయనకి ముందే తెలుసు. వారం రోజులుగా తెలుసు. అడిగాను, మరి చెప్పలేదేమండీ అని.

"పేరు చెప్పొద్దని ఆ పిల్ల నాచేత మాట తీసుకుంది. నీకు ఉద్యోగం పోతుందని భయపడుతోంది."

జూలై 1, మంగళవారం

నిన్న సాయంత్రం నవోమికి ఫోన్ చేసి నేనెవరో, తమార్‌కి ఏమన్నానో చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ, "రేపు బెల్లు కొట్టకముందు తీసుకొస్తాను. నేనూ అక్కడే ఉంటాను," అంది.

దారి పొడుగునా ఆలోచించాను. నియమం లేదని చెప్తే నమ్మదు. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో చెప్తేనే నమ్ముతుంది. ఎందుకో చెప్పాలంటే, నీ ఆట బాగాలేదని చెప్పాలి, తండ్రి పోయిన పిల్లతో. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికే కదా ఇంత చేశాను.

హాల్లో ముగ్గురమే. నవోమి గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. తమార్ యూనిఫాం మీద కోటు బొత్తాలన్నీ పెట్టుకుని నా ముందు నిలబడింది, జూలై నెలలో.

"తమార్, నువ్వు ఆడకూడదని మీ నియమాల్లో ఎక్కడా లేదు. నేను ఎవరినీ అడగకుండా చెప్పాను."

"తెలియక చెప్పారా మిస్?"

ఎంత మంచి దారి చూపించింది! అవును అంటే అయిపోయేది. నవోమి కూడా నమ్మేది.

"కాదు. నిన్ను ఆ పార్ట్‌లోంచి తీసెయ్యాలనుకున్నాను. నీ అడుగు ఆలస్యంగా పడుతోంది, మధ్యలో మర్చిపోతున్నావు. షో పాడవుతుందని, నాకు ఉద్యోగం రాదని భయపడ్డాను. ఆ మాట నీకు చెప్పలేక మీ నాన్న పేరు అడ్డం పెట్టుకున్నాను."

తల్లి కుర్చీ కిర్రుమంది. తమార్ తల్లివైపు చూడలేదు. నన్నే చూస్తోంది. చిన్నపిల్లలు లెక్క చేసేటప్పుడు చూస్తారు, అలా.

"అయితే నేను జనవరి నుంచి ఆడింది తప్పు కాదా?"

"కాదమ్మా. ఒక్క రోజు కూడా కాదు."

"నాన్న విషయంలో కూడా?"

"ఏ విషయంలోనూ కాదు. తప్పు చేసింది నేనొక్కదాన్నే."

గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు కిందకి దిగాయి. ఆ పిల్ల మూడు వారాలుగా ఏం మోసిందో అప్పుడు నా కళ్లతో చూశాను. ఏడుపొచ్చింది. ఏడవడానికి నాకేం హక్కుందని ఆపుకున్నాను.

"కాలిమిషన్ పార్ట్ నీదే. ఇంకా తొమ్మిది రోజులుంది, రోజూ కూర్చుని చేద్దాం," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "వద్దు. జోయీకి బాగా వచ్చేసింది. ఇప్పుడు తీసేస్తే తను ఏడుస్తుంది." కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ అంది. "నేను ఆలస్యమవుతున్నానని నాకు తెలుసు మిస్. మీరు సరిచేస్తారు కదా అని ఎదురుచూశాను."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. తిట్టినా ఇంత తగిలేది కాదు.

జూలై 2, బుధవారం

మిసెస్ బ్లూమ్‌కి మొత్తం చెప్పాను. కాగితాలు సర్దుతూ విన్నది. మిస్టర్ సాల్జ్‌మన్‌కి అందరి ముందూ క్షమాపణ చెప్పాలంది. చెప్తానన్నాను. ఉద్యోగానికి ప్రకటన వేస్తారట, కావాలంటే అందరితోపాటు అప్లై చేసుకోవచ్చట. మధులికా అని పిలవలేదు. మిసెస్ వినీత్ అంది, ఇన్నాళ్లలో మొదటిసారి.

జూలై 3, గురువారం

స్టాఫ్‌రూంలో చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. సాల్జ్‌మన్ మాత్రం, "సరే, ఇక బిస్కట్లు ఇటు జరపండి," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

మధ్యాహ్నం తమార్ వచ్చి బృందంలో చోటుందా అని అడిగింది. మూడో వరసలో నిలబడతానంది. క్లాసయ్యాక ఉంటావా, అడుగులు చూసుకుందాం అన్నాను. "అమ్మ వచ్చేస్తుంది," అంది. వాళ్ల అమ్మ వచ్చేసరికి ఇంకా చాలాసేపు పడుతుందని ఇద్దరికీ తెలుసు.

జూలై 7, సోమవారం

ఇవాళా అడిగాను. ఇవాళా అమ్మ వచ్చేస్తుందంది. ఇక అడగను.

జూలై 10, గురువారం

షో అయింది. హాలు నిండిపోయింది. జోయీ కాలిమిషన్‌కి కమిటీవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది, ఇలాంటిది ఈ స్కూల్లో ఎప్పుడూ చూడలేదని. థాంక్యూ అన్నాను. ఆవిడ చెయ్యి ఎప్పుడు వదులుతుందా అని చూశాను.

తమార్ మూడో వరసలో, కుడి చివర. అడుగు ఆలస్యంగానే పడింది. రెండుచోట్ల మర్చిపోయింది. పక్కపిల్లని చూసి మళ్లీ అందుకుంది. తలుపువైపు చూడలేదు, చివరిదాకా ఆడింది. ఆ మూడో వరసని కమిటీ చూసిందో లేదో తెలియదు, నేను మాత్రం ఇంకేమీ చూడలేదు. కూర్చుని ఒక్కొక్క అడుగూ సరిచేస్తే ఈ పిల్లకి వచ్చేది. పదిహేను రోజుల పని. చేతకాక కాదు, నేను చెయ్యలేదు.

తర్వాత పిల్లలంతా నా మీద పడ్డారు. వీడ్కోలు కదా, కౌగిలింతలు, కార్డులు, ఏడుపులు. జోయీ నా మెడ వదల్లేదు. సెప్టెంబర్ నుంచి వీళ్లంతా పెద్ద స్కూలుకి వెళ్లిపోతారు. తమార్ రాలేదు.

గేటు దగ్గర కనిపించింది. ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని నడుస్తోంది. షోలో చివరి పాట ఇద్దరూ గొంతెత్తి పాడుతున్నారు. వాడికి పాటలో మాటలు రావు, తప్పుతప్పుగా అరుస్తున్నాడు. తమార్ నవ్వుతూ సరిచేస్తోంది. నా పక్కనుంచే వెళ్లారు. నవోమి తల కొంచెం వంచి పలకరించింది. తమార్ నా వైపు చూడలేదు.

మళ్లీ పాడుతోంది, అది చాలు అని రాయబోయాను. చాలదు.